బాగానే ఉన్నారని చెప్పాను

“ఊరికే చదువు చెప్పే బడి మూడు వీధుల అవతలే ఉంది. ఇల్లు గుల్ల చేసుకుని ఆ బడికే పంపాలని ఎక్కడన్నా రాసుందా?” అన్నాను నేను.

“ఊరికే వచ్చేదంతా మంచిదైతే, నువ్వు కొట్లో ఒక్కొక్క వంకాయనీ అలా తిప్పి తిప్పి ఎందుకు చూస్తావు?” అంది ఆవిడ.

“వంకాయ వేరు, చదువు వేరు. నా మనవరాలు చదవట్లేదా అక్కడ? దానికేమైనా బుర్ర తక్కువైందా?”

“నీ మనవరాలి బుర్ర బంగారం. నేను బుర్ర సంగతి మాట్లాడట్లేదు.”

“మరి దేని సంగతి? పిల్ల బడి మారితే మారింది. కొంపలేమైనా మునిగాయా?”

“మునగలేదు. కాస్త తడిశాం, ఆరబెట్టుకుంటాం. తడిసింది మేమైతే కోపం నీకెందుకు?”

ఆవిడ డ్రైయర్ తలుపును మోకాలితో మూసి నా వైపు తిరిగింది. రెండు అరచేతులూ పైకి పెట్టి అడిగింది. “నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా, ఫోర్ బీ?”

“నాకేముంటుంది? ఏమీ లేదు,” అన్నాను.

“సో,” అంది. బట్టల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

అది రెండేళ్ల కిందట, బళ్లు తెరిచే ముందురోజు సాయంత్రం. జెర్సీ సిటీలో మా బిల్డింగ్ అడుగున లాండ్రీ గదిలో. ఆవిడ పోయిన నెలలో కన్నుమూసింది. ఈ నెల రోజులుగా బట్టలు పట్టుకుని ఆ గదిలోకి దిగినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే వినబడుతోంది. అందుకని ఇది రాస్తున్నాను. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. అక్షర దోషాలు మా అమ్మాయి దిద్దింది. మిగతా దోషాలు నావే.

మా మాటలు పైన రాసినంత సాఫీగా సాగేవని అనుకోకండి. ఆవిడ యూదురాలు. నడివయసులో రష్యా వైపు నుంచి వచ్చి, కూరగాయల కొట్లో పనిచేస్తూ ఇంగ్లీషు నేర్చుకుంది. నేను మనవరాలి వెంట తిరుగుతూ నేర్చుకున్నాను. సగం మాటలు, సగం చేతులు. ఆవిడ పేరు నాకు నోరు తిరగలేదు, నా పేరు ఆవిడకి తిరగలేదు. నేను నాలుగో అంతస్తులో బీ ఫ్లాటు, ఆవిడ డీ ఫ్లాటు. పదేళ్లూ ఒకరినొకరం ఫోర్ బీ, ఫోర్ డీ అనే పిలుచుకున్నాం. మా అమ్మాయి సిగ్గుపడేది. “అమ్మా, అవేం పిలుపులు? జైల్లో ఖైదీల్లాగా,” అనేది.

పొట్టి మనిషి. ఎప్పుడూ తలకి గుడ్డ, దాని కింద నుంచి ఒక్క వెంట్రుక కనబడనిచ్చేది కాదు. కుడి బూటు బొటనవేలి పక్కన కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉండేది. అక్కడ ఎముక పొడుచుకొచ్చి, బూటు నొక్కేదట. కొత్తవి కొనుక్కోమంటే, “ఈ కాలు ఇంకో బూటుని కూడా ఇలాగే చేస్తుంది,” అనేది. టీ తాగేటప్పుడు పంచదార బిళ్ల కప్పులో వేసేది కాదు. పళ్ల మధ్య పెట్టుకుని, దాని మీదుగా టీ పీల్చేది. ఆ చప్పుడు నాకు చచ్చేంత చిరాకు. “సో” అన్న ఒక్క మాటతో బతుకంతా నడిపింది. వాన వస్తే సో. కరెంటు పోతే సో. నేను కోప్పడితే సో. ఒక్కోసారి ఆ మాటకి అర్థం అయితే ఏమిటని, ఒక్కోసారి చెప్పు వింటున్నానని, ఒక్కోసారి ఇక చాలని.

మాకు పరిచయమైంది సూపర్ మార్కెట్‌లో, బిస్కట్ల దగ్గర. నేను భూతద్దం పెట్టి ప్యాకెట్టు వెనక అక్షరాలు వెతుకుతున్నాను, ఎక్కడన్నా జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉందేమోనని. పక్కనే ఇంకో ముసలావిడ ఇంకో భూతద్దంతో ఇంకో ప్యాకెట్టు చూస్తోంది, వాళ్ల మతాచారానికి పనికొస్తుందని తెలిపే గుర్తు కోసం. ఒకరినొకరం చూసుకుని నవ్వాం. పాలూ మాంసమూ రెండూ లేవని చెప్పే గుర్తు ఎలా ఉంటుందో ఆ రోజే చూపించింది. “ఇది ఉంటే మాంసం లేదు. గుడ్డు ఉండొచ్చు. ఆ కాపలా నువ్వే కాసుకో,” అంది. అప్పటినుంచి ఎన్ని ప్యాకెట్లు చదివే పని తప్పిందో నాకు.

మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు, అదీ కాగితం గ్లాసులో. మొదటిసారి నేను పెసరట్టు పెడితే చెయ్యి గుండెల మీద పెట్టుకుని వద్దంది. నాకు ఒళ్లు మండింది. తర్వాత వాళ్ల వంటింట్లో పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు, వాటికి వేరే వేరే తొట్లు చూశాను. మా చీరాలలో మడి కట్టుకున్న ముసలమ్మల మధ్య పెరిగినదాన్ని నేను. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి అరటిపండు ఒలవకుండా ఇచ్చేదాన్ని. తినేది.

శనివారం వాళ్లకి ఏ పనీ చెయ్యకూడని పవిత్ర దినం, లిఫ్టు మీట కూడా నొక్కేది కాదు. నాలుగు అంతస్తులూ మెట్లెక్కేది, ప్రతి మలుపులోనూ ఆగి గోడకి ఆనుకునేది. నేనూ తోడు ఎక్కేదాన్ని. “నీ దేవుడు నీకు లిఫ్టు ఇచ్చాడుగా,” అనేది. “మా దేవుడు నాకు షుగరు కూడా ఇచ్చాడు. నడవమని డాక్టరు చెప్పాడు,” అనేదాన్ని.

మేం దెబ్బలాడుకోని విషయం లేదు. శుక్రవారం వచ్చిందంటే మర్నాటి కోసమని పూలు కొనేది, రెండు రోజులకి వాడిపోయేవి. “ఈ పూల డబ్బు పెడితే బూట్లు వచ్చేవి,” అని ప్రతి శుక్రవారం అనేదాన్ని. “నీ బీరువాలో ప్లాస్టిక్ డబ్బాలన్నీ కలిపితే ఓడ వచ్చేది,” అని ప్రతి శుక్రవారం అనేది. పెరుగు డబ్బాలు నేను పారెయ్యను. అది నిజమే.

కానీ అసలు పెద్ద దెబ్బలాట బడి గురించే.

ఆవిడ కొడుకు నీళ్ల శాఖలో ఉద్యోగి. కోడలు ఆసుపత్రిలో కాళ్లూ చేతులూ పట్టేసినవాళ్లకి వ్యాయామం చేయిస్తుంది. ముగ్గురు పిల్లలు. ముగ్గుర్నీ యూదుల బడికే పంపేవాళ్లు. పొద్దున వాళ్ల ధర్మం, వాళ్ల భాష, మధ్యాహ్నం లెక్కలూ సైన్సూ. ఒక్కొక్క పిల్ల ఫీజు వింటే నాకు నోరు ఎండిపోయింది. కాలేజీ అనుకున్నాను, కాదు, మూడో తరగతి. అందులో కొంత తగ్గుతుందని ఈవిడ ఆ బడి వంటింట్లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూరగాయలు తరిగేది. సాయం అడగండి అంటే, అరచేతులు పైకి పెట్టి ఒకటే చెప్పేది. “లేనివాళ్లకి సాయం ఉంది. ఉన్నవాళ్లకి డబ్బు ఉంది. మధ్యవాళ్లకి నింపడానికి ఫారం ఉంది.”

ఇంత ఎందుకని నాకు అర్థమయ్యేది కాదు, లాండ్రీ గదిలో మధ్యపిల్లని చూసేదాకా.

మధ్యపిల్లకి అప్పుడు ఎనిమిదేళ్లు. నా మనవరాలి ఈడే. దాన్ని చూసి నేర్చుకుని నన్ను అమ్మమ్మా అనేది, అది నా పేరనుకుని. బట్టలు తిరుగుతున్నంతసేపూ ఆ పిల్ల, నానమ్మ ఒడిలో హీబ్రూ ప్రార్థనల పుస్తకం పెట్టి, కుడి నుంచి ఎడమకి వేలు నడిపిస్తూ ఉండేది. ఈవిడ ఆ వేలి వెనకాలే గుడ్డిదానిలా చదివేది. తప్పు చదివితే పిల్ల వేలితో పేజీ మీద రెండు సార్లు కొట్టేది, పంతులమ్మలాగా. ఈవిడ మళ్లీ మొదటినుంచి.

“నీకు రాదా?” అన్నాను ఆశ్చర్యపోయి. రోజూ అంత పూజా పునస్కారం చేసే మనిషి.

“మా ఊళ్లో సర్కారు ఆ అక్షరాలు నేర్పనివ్వలేదు. మా నాన్నకి వచ్చు. నాకు నేర్పడానికి భయపడ్డాడు. ఇక్కడికి వచ్చాక బతుకు తెరువు. ఇప్పుడు ఇదిగో, నా టీచరు,” అంది పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి. “పెద్దది నేర్పమంటే విసుక్కుంటుంది. చిన్నాడికి ఇంకా రాదు. ఇది ఒక్కతే ఓపిక.”

లేచేటప్పుడు ఆ పిల్ల డ్రైయర్‌లో వేసే సువాసన కాగితం ఒకటి గుర్తుగా పేజీల మధ్య పెట్టేది. వాడి పారేసేదాన్నే. అది నాకు నచ్చింది.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

రెండేళ్ల కిందట, మే నెలలో ఒక మధ్యాహ్నం. నడవాలో ఎవరో ఫోర్ డీ తలుపు కొడుతున్నారు. తెరిచి చూశాను. నీలం కోటు వేసుకున్న ఒకావిడ. ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. నేను పక్కింటిదాన్నని తెలిసి నవ్వింది. బడి ఫీజుల కమిటీలో ఉన్నానని, ఈ ఏడు మధ్యతరగతి ఇళ్లకోసమని కొంత సొమ్ము వచ్చిందని చెప్పింది. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలాగే చెప్పింది. “ఈ ఇంటి అబ్బాయి అభిమానం గలవాడు. ఫారంలో ఏమీ సరిగ్గా రాయలేదు. ఒకసారి నేరుగా మాట్లాడదామని వచ్చాను. మీరు పక్కనే ఉంటారు కదా, వాళ్లకి ఇబ్బందిగా ఉందా?”

అర్థం కాలేదని చెబితే అబద్ధం. ప్రతి ముక్కా అర్థమైంది.

కానీ నాకు ఆ నడవాలో మా చీరాల వీధి కనబడింది. మా వైపు పెళ్లి సంబంధానికి వచ్చేవాళ్లు అసలు ఇంటికి వెళ్లేముందు పక్కింటి అరుగు మీద కూర్చుని, వాళ్లెలాంటివాళ్లండీ అని అడుగుతారు. పక్కింటివాళ్లు ఏం చెబుతారో దాని మీద ఒక ఇంటి పరువు నిలబడుతుంది. ఆ ఇంట్లో పొద్దున పొయ్యి రాజుకోకపోయినా, వాళ్లకేమండీ, లక్షణంగా ఉన్నారు అనాలి. మా అమ్మ అలాగే చెప్పేది. నేనూ చెప్పాను ఎన్నో ఇళ్ల గురించి. చెప్పామని ఆ ఇంటివాళ్లతో అనకూడదు కూడా. అంటే పరువు నిలిపినట్టు కాదు, అరువిచ్చినట్టు.

నీలం కోటావిడ ముందు నేను నడుం నిటారుగా పెట్టాను. “నో, నో. వెరీ గుడ్ ఫ్యామిలీ. నో ప్రాబ్లమ్,” అన్నాను. అంతటితో ఆగానా? కొత్త సోఫా కొన్నారన్నాను. అది వీధి చివర ఎవరో పారేస్తే నేనూ ఆవిడా చెరో పక్క పట్టుకుని లిఫ్టులో తెచ్చింది. ఫోర్ డీ చలికాలం వెచ్చగా ఉండే ఫ్లోరిడా వెళుతుందన్నాను. వెళ్లింది చెల్లెలికి ఆపరేషన్ అయితే మంచం దగ్గర కూర్చోడానికి. కొడుకుది పెద్ద ఉద్యోగం అన్నాను.

“ఓ, మంచిది. మనసు తేలికైంది,” అని ఆవిడ వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి కాఫీ కలుపుకుని తాగాను. మంచిపని చేశానన్న తృప్తితో, పంచదార లేకపోయినా తియ్యగానే ఉంది.

జూన్‌లో లాండ్రీ గదిలో ఫోర్ డీ చెప్పింది. ఆ సొమ్ము తమకి రాలేదని, ఎక్కువ ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఇచ్చారని. ముగ్గురికీ కట్టలేరు. పెద్దదానికి ఆ బడిలో ఇంక రెండేళ్లే ఉంది, చిన్నవాడు ఇప్పుడే మొదలుపెట్టాడు. మధ్యదాన్ని మాన్పిస్తున్నారు. ఇదంతా గుడ్డలు మడుస్తూ చెప్పింది. నేనూ ఒక దుప్పటి కొస పట్టుకుని మడిచాను. నా మొహం దుప్పటి వెనకాల ఉంది.

ఆ రోజు మా అమ్మాయికి చెప్పాను. అది నెత్తి పట్టుకుంది.

“అమ్మా! ఎవరడిగారు నిన్ను సోఫా గురించి?”

“పరువుగా చెప్పానే.”

“ఇక్కడ ఎయిడ్ అడగడం పరువు తక్కువ కాదమ్మా. మా ఆఫీస్‌లో వాళ్లు కూడా అప్లై చేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అంతే. ఇప్పుడే వెళ్లి ఆవిడకి చెప్పు. లేకపోతే నేను ఆ స్కూల్‌కి కాల్ చేస్తాను.”

“నువ్వు చెయ్యకు. నేనే చెబుతాను.”

“ఎప్పుడు?”

“చెబుతానన్నానుగా. పెద్దదాన్ని నేనా నువ్వా?”

కోప్పడితే మా అమ్మాయి ఊరుకుంటుంది. దాన్ని నేను అలా పెంచాను. వారం తర్వాత అడిగితే, చెప్పేశానన్నాను. అది రెండో అబద్ధం. అప్పటికి ఇంకా సమయం ఉందట. ఆ బడివాళ్లు జూన్ ఆఖరు దాకా మార్పులు చేస్తారని నాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే చెప్పేదాన్నా? ఈ మాట నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. చెప్పేదాన్నని ప్రమాణం చెయ్యలేను. పక్కవాళ్ల పరువు నిలిపానని బతికినదాన్ని, పక్కవాళ్ల నోటి దగ్గరిది తీశానని ఒప్పుకోవాలి. దానికి నోరు రాలేదు. జూలై పోయింది, ఆగస్టు పోయింది. చెప్పని కొద్దీ ఆవిడ మీద నాకు కోపం పెరిగింది. గవర్నమెంటు బడిని అంతలా పొగడటం ఆ వేసవిలోనే మొదలుపెట్టాను.

నన్ను బడి మాన్పించిన రోజు నాకు గుర్తుంది. మా బాబాయి వచ్చి, ఆడపిల్లకి చాల్లే అన్నాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. పలక గూట్లో పెట్టేశారు. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు, అలాగే జరుగుతాయి ఇవి. నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పోయిన నెలలో ఆవిడ పోయాక, వాళ్ల పద్ధతిలో ఏడు రోజులు ఇంట్లో కూర్చున్నారు. అద్దాలకి గుడ్డలు కప్పారు. కొడుకు పొట్టి పీట మీద కూర్చున్నాడు. నేను ఒలవని నారింజపళ్లు పట్టుకెళ్లాను. ఇంకేం పట్టుకెళ్లకూడదో నాకు తెలుసు. ఆ సోఫా మీదే చోటు చూపించారు. పక్కన కూర్చున్నది నీలం కోటావిడ. కోటు లేదు, అయినా గుర్తుపట్టాను. ఆవిడా నన్ను గుర్తుపట్టింది.

“మీరే కదూ ఫోర్ బీ? ఎప్పుడూ మీ గురించే చెప్పేది,” అంది. గొంతు తగ్గించి అంది. “ఆ రోజు మీరు చెప్పింది నాకు సరిగ్గా అనిపించలేదు. ఆ వారంలోనే బడి వంటింట్లో ఆవిడనే అడిగాను. క్యారెట్లు చెక్కుతోంది. మీ పక్కింటావిడ మీకు బాగానే ఉందన్నారు, నిజమేనా అన్నాను.”

“ఏమంది?” అన్నాను.

“క్యారెట్టు మొత్తం అయ్యేదాకా చెక్కింది. తర్వాత, ఫోర్ బీ చెప్పిందా, అయితే బాగానే ఉన్నాం అంది. నేను ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. ఇంకో ఇంట్లో తండ్రికి ఉద్యోగం పోయింది, వాళ్లకి ఇచ్చేశాం.” ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. “నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.”

ఆ వారంలోనే. అంటే మే నెలలోనే. జూన్‌లో నేను దుప్పటి వెనకాల మొహం దాచుకున్నప్పుడు దుప్పటికి అవతలి కొస పట్టుకున్న మనిషికి తెలుసు. వేసవంతా తెలుసు. నన్ను పరాయివాళ్ల ముందు అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టం లేకపోయిందో, తన అభిమానమే అడ్డొచ్చిందో, రెండూనో. అడగడానికి మనిషి లేదు. బళ్లు తెరిచే ముందురోజు సాయంత్రం, చెప్పాల్సింది ఏమైనా ఉందా అని నా ముందు చేతులు చాచి నిలబడింది. నాకు ఏమీ లేదన్నాను.

లేచి వస్తుంటే కిటికీ దగ్గర బల్ల మీద ఆ పుస్తకం కనబడింది. మధ్యలోంచి సువాసన కాగితం కొస బయటికి కనిపిస్తోంది. బడి మారాక మధ్యపిల్ల కొన్నాళ్లు నేర్పింది. తర్వాత తనకి రాని పేజీలు వచ్చాయి.

రెండేళ్ల కిందట, ఆవిడ అలా అడిగిన ఆ సాయంత్రం లాండ్రీ గది నుంచి పైకి వచ్చాక నేను మనవరాలిని కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఒక వాక్యం నేర్చుకున్నాను. బడి ఆవిడతో మీకు బాగా ఉందని చెప్పింది నేనే, తప్పు నాది అని. అది ఎందుకని అడిగితే, ఊరికే అన్నాను. నాలుగైదు సార్లు వల్లె వేశాను. రేపు పొద్దున చెప్పేద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకి ఆవిడే వచ్చి తలుపు కొట్టింది. మధ్యపిల్ల పక్కన నిలబడి ఉంది, వీపున కొత్త సంచి. మిగతా ఇద్దరూ లిఫ్టు పట్టుకుని, “గ్రాండ్‌మా, వ్యాన్ వచ్చేసింది!” అని అరుస్తున్నారు. ఆవిడ ఆ వ్యాన్‌లోనే వాళ్లతో పాటు ఆ బడి వంటింటికి వెళ్లాలి. కొడుకూ కోడలూ అప్పటికే పనుల్లోకి వెళ్లిపోయారు.

“నీకు దారి తెలుసు కదా,” అని, పిల్ల చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.

నేను “ఓకే” అన్నాను.

ఆవిడ లిఫ్టులోకి వెళ్లింది. నేను నా మనవరాలిని ఒక చేత్తో, మధ్యపిల్లని ఒక చేత్తో పట్టుకుని మూడు వీధులూ నడిపించాను. “అమ్మమ్మా, విచ్ డోర్?” అని అడిగింది మధ్యపిల్ల. చూపించాను. ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను ఇంటికి వచ్చి కుక్కర్ పెట్టాను.